2.71 జీపీఏతో అమెరికాలో ఎం.ఎస్.ఎన్. సీటు: హనుమకొండ నుంచి నా అనుభవం

2023 సెప్టెంబరు చివరి వారంలో విదేశీ చదువులను అమెరికా పద్ధతిలోకి మార్చి లెక్కగట్టే డబ్ల్యూఈఎస్ సంస్థ మూల్యాంకన నివేదిక నా మెయిల్‌కు వచ్చింది. నేను నాలుగేళ్లు చదివిన బీఎస్సీ నర్సింగ్ అందులో అమెరికా లెక్కలోకి మారి 130 క్రెడిట్లుగా (కోర్సు ఎంత పెద్దదో కొలిచే యూనిట్లు), 4కు 2.71 జీపీఏగా (గ్రేడ్ల సగటు; ఏ అంటే 4, బి అంటే 3) తేలింది. అప్పటికి నేను చూసిపెట్టుకున్న ఎం.ఎస్.ఎన్. (నర్సింగ్‌లో మాస్టర్స్) కోర్సుల్లో దాదాపు అన్నింటికీ కనీస అర్హత 3.0. ఇక్కడి ఎం.ఎస్సీ. నర్సింగ్‌కు భారతీయ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన 55 శాతం గీతను నేను దాటాను, ఏడాది అనుభవం కూడా ఉంది. కానీ అదే మార్కుల జాబితా అమెరికా లెక్కలోకి వెళ్లేసరికి గీతకు దిగువన పడింది. ఆ రాత్రి ఐసీయూ డ్యూటీలో ఉన్నంతసేపూ ఆ అంకె నా తలలో తిరుగుతూనే ఉంది. మా బాపుతో చెబితే, "గన్ని తక్కువ మార్కులకు ఆడ సీటెవలిస్తరు బిడ్డా?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మార్కులు ఎందుకు తక్కువ వచ్చాయో క్లుప్తంగా చెబుతాను. పరకాలలో ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి 2016లో నర్సింగ్‌లో చేరాను. మొదటి ఏడాది అనాటమీ, బయోకెమిస్ట్రీ పేపర్లు అర్థం చేసుకోవడానికంటే వాటి ఇంగ్లీషును అర్థం చేసుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. రెండో ఏడాది ఫార్మకాలజీ సప్లిమెంటరీలో గట్టెక్కింది. మూడు, నాలుగు సంవత్సరాల్లో మార్కులు స్పష్టంగా పెరిగాయి. మాది కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద పాత వార్షిక పద్ధతి. సెమిస్టర్లు, క్రెడిట్లు 2021లో చేరిన బ్యాచ్‌తో మొదలయ్యాయి. అందువల్ల మా మెమోలలో క్రెడిట్లు ఉండవు, మూల్యాంకనం చేసేవారే లెక్కగట్టుకుంటారు.

మొదట నేను చేసిన పని ఆ నివేదికను పక్కన పెట్టుకుని కాగితం మీద లెక్క వేయడం. 130 క్రెడిట్ల మీద 2.71 ఉన్న మనిషి సగటు 3.0కు చేరాలంటే, ఒక్క బి కూడా రాకుండా అన్నీ ఏ గ్రేడుతో దాదాపు 38 క్రెడిట్లు కొత్తగా చదవాలి. అది మరో ఏడాదికి పైగా పూర్తికాలపు చదువు, దానికయ్యే డబ్బుతో ఏకంగా ఎం.ఎస్.ఎన్. సగం పూర్తవుతుంది. ఒకటి రెండు కోర్సులు చేస్తే జీపీఏ పెరుగుతుందని చెప్పేవారు ఈ లెక్క వేసి చూడరు. ఏడు క్రెడిట్లలో పూర్తి మార్కులు తెచ్చుకున్నా 2.71 కాస్తా 2.78 అవుతుంది, అంతే. ఎస్సారెస్పీ కాలువలో చెంబుడు పాలు పోసినట్టు.

అయితే అదే నివేదికలో చివరి రెండేళ్ల కోర్సులను మాత్రమే విడిగా కూడితే 3.12 వచ్చింది. కొన్ని విశ్వవిద్యాలయాలు మొత్తం జీపీఏతో పాటు, లేదా దానికి బదులుగా, చివరి 60 క్రెడిట్ల జీపీఏను చూస్తాయని వాటి వెబ్‌సైట్లలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. రాయనివారిలో కూడా అడిగితే చెప్పేవారుంటారు. అక్టోబరు నెలంతా నైట్ డ్యూటీ దిగి వచ్చాక ఒక్కో నర్సింగ్ స్కూలు అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాయడంతోనే సరిపోయింది. నా నివేదికను జతచేసి, మీరు ఏ జీపీఏను చూస్తారు, 3.0 లోపు ఉన్నవారిని షరతులతో తీసుకునే పద్ధతి ఉందా, ఈ కోర్సు క్యాంపస్‌లో నడుస్తుందా అని సూటిగా అడిగాను. మూడో వంతు మంది జవాబే ఇవ్వలేదు. జవాబిచ్చినవారు మాత్రం రెండు మూడు రోజుల్లోనే, మర్యాదగా, వివరంగా రాశారు. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఇంత చెబుతారని నేను ఊహించలేదు.

ఆ జవాబుల వల్ల జీపీఏ కంటే పెద్ద అడ్డంకి ఒకటి బయటపడింది. అమెరికాలో ఎం.ఎస్.ఎన్. కోర్సుల్లో చాలా భాగం ఉద్యోగం చేసుకుంటున్న అక్కడి నర్సుల కోసం ఆన్‌లైన్‌లో నడుస్తాయి. ఎఫ్-1 వీసా మీద వెళ్లే విద్యార్థి పూర్తికాలపు చదువు లెక్కలోకి ఒక సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సును మాత్రమే చూపించగలరు. కాబట్టి ఆన్‌లైన్ ప్రోగ్రాములకు ఐ-20 (విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) ఇవ్వరు. పైగా ఎక్కువ స్కూళ్లు అమెరికా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఉంటేనే దరఖాస్తు తీసుకుంటాయి. నేను తయారు చేసుకున్న పెద్ద జాబితా ఈ రెండు వడపోతలతో ఒక చిన్న కాగితం మీదికి దిగిపోయింది. దిగులు వేసిన మాట నిజమే కానీ, ఇన్ని ఫీజులు మిగిలాయి కదా అనే ఊరట కూడా కలిగింది. చివరకు ఎం.ఎస్.ఎన్.లో క్లినికల్ నర్స్ లీడర్ (వార్డు స్థాయిలో రోగుల సంరక్షణను మెరుగుపరిచే నర్సు) కోర్సును క్యాంపస్‌లో నడిపే స్కూళ్ల మీద దృష్టి పెట్టాను.

లైసెన్సు అంటే అమెరికా నర్సుల అర్హత పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయాలి; ఎన్‌క్లెక్స్ రాయాలంటే ముందు ఏదో ఒక రాష్ట్ర నర్సింగ్ బోర్డు అర్హత ఇవ్వాలి; నేను ఎంచుకున్న బోర్డు అందుకు విదేశీ నర్సుల చదువును పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్ సంస్థ వారి సీఈఎస్ అనే మూల్యాంకన నివేదిక అడిగింది. డబ్ల్యూఈఎస్ నివేదిక అక్కడ పనికిరాలేదు, మళ్లీ కొత్తగా డబ్బు కట్టాల్సి వచ్చింది. రాష్ట్రాన్ని ఎంచుకునేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి: పరీక్ష పాసైనా సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేనిదే లైసెన్సు ఇవ్వని రాష్ట్రాలు ఉన్నాయి. ఆ నంబరు అడగని రాష్ట్రం పట్టుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది. సీఈఎస్ కోసం మనం చదివిన కళాశాల ఒక్కో సబ్జెక్టులో ఎన్ని గంటలు థియరీ చెప్పారో, ఎన్ని గంటలు క్లినికల్ చేయించారో ఫారంలో నింపి, సీలు వేసి, నేరుగా వారికే పంపాలి. మన చేతికి ఇస్తే చెల్లదు. మా కళాశాలలో ఆ ఫారం నవంబరులో ఇస్తే జనవరి నెలాఖరు దాకా కదలలేదు. గుమస్తా గారు ప్రతిసారీ, "మేడమ్ సంతకం కావాలమ్మా, ఎల్లుండి రండి" అనేవారు. ఆయనకు ఆ గంటల పట్టిక ఎలా నింపాలో తెలియడం లేదని చివరకు అర్థమై, పాత సిలబస్ పుస్తకం తీసుకెళ్లి పక్కన కూర్చుని పెన్సిలుతో నింపి చూపించాను. ఆ తర్వాత నాలుగు రోజుల్లో కొరియర్ వెళ్లింది. నివేదిక మే నెలలో పూర్తయింది.

ఈ నిరీక్షణ సాగుతుండగానే 2024 జనవరిలో చదువు మొదలుపెట్టాను. సగటు పెరగదని తెలిసీ కోర్సులు ఎందుకు చేశానంటే, ఒక అడ్మిషన్ల అధికారి తన మెయిల్‌లో రాసిన మాట వల్ల: మీ మార్కులు ఏడేళ్ల కిందటివి, ఇప్పుడు మీరు ఎలా చదువుతారో చూపించేది ఏమైనా ఉందా అని ఆమె అడిగారు. డిగ్రీ చేతికొచ్చాక పాత మార్కులను మార్చలేం. వాటి పక్కన కొత్తవి పెట్టగలం. బీఎస్సీలో మాకు నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ రెండూ కలిపి ఒకే పేపరు. చాలా స్కూళ్లు స్టాటిస్టిక్స్‌ను విడి కోర్సుగా అడుగుతాయి. అందుకని జనవరి నుంచి మే వరకు ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో డిగ్రీలో చేరకుండానే మూడు క్రెడిట్ల స్టాటిస్టిక్స్, ఆగస్టు నుంచి డిసెంబరు వరకు పీజీ స్థాయిలో నాలుగు క్రెడిట్ల అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ ఆన్‌లైన్‌లో చదివాను. రెండింటికీ కలిపి రెండు లక్షల డెబ్బై వేల రూపాయల దాకా అయింది. ఈ మొత్తం ప్రయాణంలో అతి పెద్ద ఖర్చు ఇదే. నా చిట్టీ పాట ఎత్తి కట్టాను. సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే ఉచిత ఆన్‌లైన్ కోర్సులను చూపిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గ్రేడు, క్రెడిట్లు, ట్రాన్స్‌క్రిప్టు లేని కోర్సును నేను మెయిల్ రాసిన స్కూళ్లేవీ లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్షలు వెబ్‌క్యామ్ నిఘాలో జరిగేవి. నయీంనగర్‌లో మేముండేది ఒకే గది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి పరీక్ష రాత్రుళ్లు మా చెల్లెలు పక్కింటి అక్క దగ్గర పడుకునేది. ఒకసారి పరీక్ష మధ్యలో కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారేలోపు నిఘా సాఫ్ట్‌వేర్ నన్ను బయటకు నెట్టేసింది. ప్రొఫెసర్‌కు అప్పటికప్పుడే మెయిల్ పెడితే మర్నాడు మళ్లీ తెరిచారు. ఆ తర్వాత ఇన్వర్టర్ ఉన్న స్నేహితురాలి ఇంటికి మారాను. స్టాటిస్టిక్స్‌లో ఏ వచ్చింది. పాథోఫిజియాలజీలో కూడా ఏ వచ్చింది, కానీ దాని కోసం నెలల తరబడి నేను నిద్ర అనదగ్గ నిద్ర పోలేదు.

ఎన్‌క్లెక్స్‌ను 2024 ఆగస్టులో హైదరాబాదులో రాశాను. రిజిస్ట్రేషన్ 200 డాలర్లు, విదేశీ కేంద్రంలో రాస్తున్నందుకు మరో 150 డాలర్లు, పైన పన్ను. మొత్తం మన డబ్బుల్లో ముప్పై వేల దాకా. లోపలికి పంపేముందు అరచేతి నరాలను స్కాన్ చేస్తారు. పరీక్షలో కనీసం 85 ప్రశ్నలు, అత్యధికంగా 150, గరిష్ఠంగా ఐదు గంటలు. మన జవాబులను బట్టి కంప్యూటరే ఎక్కడ ఆపాలో నిర్ణయిస్తుంది. 85 దాటినా ఆగకపోయేసరికి చేతులు చల్లబడ్డాయి. ఆగడానికి, పాసవడానికి సంబంధం లేదని చదివి ఉన్నా ఆ క్షణంలో గుర్తు రాదు. పాసయ్యాను. ఫార్మకాలజీ సప్లిమెంటరీ రాసిన మనిషికి ఆ ఫలితం ఎంత ధైర్యమిచ్చిందో మాటల్లో చెప్పలేను. బాపు మాత్రం, "ఇగ మార్కులు అడుగుతరా?" అని మళ్లీ అదే అడిగాడు.

అడుగుతారు. పీజీ ప్రవేశ పరీక్ష జీఆర్ఈని చాలా నర్సింగ్ స్కూళ్లు ఎత్తేశాయి కానీ, 3.0 లోపు జీపీఏ ఉన్నవారిని మాత్రం రాయమనే స్కూళ్లు నా జాబితాలో రెండు మిగిలాయి. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్షను రెండు గంటల లోపుకు కుదించారు కాబట్టి ఉద్యోగం చేస్తూ సిద్ధం కావడం మునుపటంత కష్టం కాదు. అక్టోబరులో రాశాను, సాధారణమైన స్కోరు వచ్చింది. దాని వల్ల మేలు జరిగిందని నేననుకోవడం లేదు. అంతకుముందే రాసిన ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చిన 7 బ్యాండే ఎక్కువ ఉపయోగపడింది.

సిఫారసు లేఖల దగ్గర ఊహించని చిక్కులు వచ్చాయి. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ను అడిగితే, "నువ్వే రాసుకొని రా బిడ్డా, సంతకం పెడతా" అన్నారు. మన దగ్గర అది ప్రేమతో అనే మాటే. కానీ అక్కడ లేఖ రాసేవారికి లింకు నేరుగా వెళుతుంది, ఫారంలో ప్రశ్నలకు వారే జవాబివ్వాలి, సంస్థ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ అడుగుతారు. మేడమ్‌కు ఉన్నది వ్యక్తిగత జీమెయిల్ ఒక్కటే. ఆసుపత్రి ఐటీ విభాగం వెంటపడి ఆమె పేరున ఐడీ తీయించడానికి మూడు వారాలు పట్టింది. నేను రాసివ్వడానికి బదులు, ఆమె పక్కన కూర్చుని ఆమె నా గురించి తెలుగులో చెప్పిందంతా వింటూ గుర్తు చేశాను. ఆమె తన ఇంగ్లీషులో తానే టైపు చేశారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగులకు పుండ్లు పడకుండా వేళకు పక్కకు తిప్పే పట్టికను నేను మొదలుపెట్టిన సంగతి అందులో ఉంది. నేనైతే దాన్ని రాసుకునేదాన్ని కాదు, అది నాకు రోజువారీ పని. ఇంటర్వ్యూలో వారు మొదట అడిగింది దాని గురించే. రెండో లేఖ మా ఐసీయూ డాక్టరు గారిది, మూడోది పాథోఫిజియాలజీ ప్రొఫెసర్‌ది. తక్కువ జీపీఏ ఉన్నవారికి ఈ మూడోది చాలా విలువైనది, ఎందుకంటే అక్కడి చదువును నేను తట్టుకోగలనా అన్న వారి అనుమానానికి అక్కడి ప్రొఫెసరే జవాబు చెబుతున్నారు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) కోసం హనుమకొండలోని ఒక కన్సల్టెన్సీకి వెళ్తే పది వేలు అడిగి, నమూనా అంటూ ఒక పేజీ చూపించారు. చిన్నప్పటి నుంచీ సేవ చేయాలనే తపన అని మొదలైంది. మార్కుల ప్రస్తావనే తేవద్దని, తెస్తే వాళ్లే గుర్తు చేసుకుంటారని సలహా ఇచ్చారు. నివేదిక మొదటి పేజీలో అచ్చయి ఉన్న అంకెను ఎవరు మరచిపోతారు? డబ్బులు కట్టకుండా వచ్చేశాను. నేను రాసినదాంట్లో మార్కుల గురించి రెండే వాక్యాలు ఉన్నాయి: తెలుగు మాధ్యమం నుంచి వచ్చి మొదటి రెండేళ్లు వెనకబడ్డానని ఒకటి, చివరి రెండేళ్ల జీపీఏ, ఈ మధ్య చేసిన కోర్సుల గ్రేడ్లు ఇవీ అని మరొకటి. మిగతాదంతా ఐసీయూలో నేను చూసిన ఒక సమస్య, దాన్ని చదవాలనుకోవడానికి కారణం. ఇంటి కష్టాలు రాయమని కొందరన్నారు. రాయలేదు, అది జాలి అడిగినట్టు అనిపించింది.

డిసెంబరు 1 గడువున్న స్కూళ్లకు పాథోఫిజియాలజీ గ్రేడు రాకముందే పంపాల్సి వచ్చింది. జనవరి 15 గడువున్నవాటికి గ్రేడుతో సహా పంపాను. కొన్నింటికి నర్సింగ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు పోర్టల్ ద్వారా, కొన్నింటికి విశ్వవిద్యాలయం సొంత పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. రెండింటిలోనూ చేయమని, రెండు చోట్లా ఫీజు కట్టమని అడిగే స్కూళ్లు కూడా ఉన్నాయి. డిసెంబరు దరఖాస్తులన్నీ ఫిబ్రవరిలో తిరస్కరణతో వచ్చాయి. ఒకదాని కారణం అడిగితే, గ్రాడ్యుయేట్ స్కూలు (విశ్వవిద్యాలయంలో పీజీ చదువులను చూసే విభాగం) నియమం ప్రకారం మొత్తం జీపీఏ 3.0 లోపు ఉన్న దరఖాస్తు నర్సింగ్ విభాగం దాకా చేరనే లేదని చెప్పారు. అంటే నా లేఖలు, నా లైసెన్సు ఎవరూ తెరిచి చూడలేదు. ఆ వారం ఇంట్లో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

2025 మార్చిలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి జూమ్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మనకు రాత్రి పదిన్నర, వాళ్లకు మధ్యాహ్నం. ఇద్దరు ప్రొఫెసర్లు. ఒకరు సూటిగానే అడిగారు: ఫార్మకాలజీలో తప్పి, ఇప్పుడు ఐసీయూలో మందులు ఇస్తున్నారు, మధ్యలో ఏం మారింది? నోర్‌ఎడ్రినలిన్ మోతాదును కిలో బరువుకు, నిమిషానికి మైక్రోగ్రాముల్లో లెక్కగట్టి పంపు వేగాన్ని ఎలా పెడతామో, మరో నర్సు విడిగా లెక్క వేసి సరిచూడనిదే పంపు ఎందుకు మొదలుపెట్టనో చెప్పాను. ఆమె తలూపి ఏదో రాసుకున్నారు. అరగంట అనుకున్నది ముప్పావు గంట సాగింది.

ఏప్రిల్ రెండో వారంలో షరతులతో కూడిన అడ్మిషన్ లేఖ వచ్చింది. మొదటి తొమ్మిది క్రెడిట్లలో ఏ కోర్సులోనూ బి కంటే తగ్గకూడదు. తగ్గితే సీటు పోతుంది. ఎఫ్-1 విద్యార్థిగా అక్కడ పూర్తికాలం అంటే తొమ్మిది క్రెడిట్లే కాబట్టి, ఆ షరతు మొత్తం మొదటి సెమిస్టరు మీదే పడుతుంది. బాపుకు చదివి వినిపిస్తే, అప్పటికే ఏనుమాముల మార్కెట్లో అమ్మిన పత్తి డబ్బులు ఎంత మిగిలాయో చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా నిధులు చూపిస్తేనే ఐ-20 ఇస్తారు; బ్యాంకు రుణం మంజూరు పత్రంతో కలిపి పంపితే మే మూడో వారంలో వచ్చింది. సెవిస్ (అమెరికాలో విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టి స్లాటు కోసం కూర్చునేసరికి మే 27న విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేశారు. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతున్నట్టు ప్రకటించి, సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టమన్నారు. ఆ మూడు వారాలు ఆసుపత్రిలో రాజీనామా ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాను. జులైలో స్లాటు దొరికింది. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో వేలిముద్రలు, మర్నాడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అధికారి మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. ఎన్‌క్లెక్స్ ఎప్పుడు పాసయ్యారు, డబ్బు ఎవరు పెడుతున్నారు అని మాత్రమే అడిగి వీసా ఇచ్చారు.

కోర్సుల నమోదు కోసం సలహాదారుతో మాట్లాడినప్పుడు తెలిసిన విషయం ఒకటి చెప్పాలి. షరతు తొలగేదాకా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్‌కు (విశ్వవిద్యాలయంలో పని చేస్తూ ఫీజు రాయితీ పొందే అవకాశానికి) నేను అర్హురాలిని కాను. ఇది అడ్మిషన్ లేఖలో ఎక్కడా లేదు, గ్రాడ్యుయేట్ స్కూలు నియమావళిలో ఉంది. కాబట్టి మొదటి సెమిస్టరుకు ఫీజు రాయితీ వస్తుందని లెక్క వేసుకోకూడదు. రుణం అడిగేటప్పుడే ఆ మొత్తాన్ని కలుపుకోవాలి. నేను బ్యాంకుకు మళ్లీ వెళ్లి రెండు లక్షలు పెంచమని అడిగితే పది రోజుల్లో పెంచారు. స్టాటిస్టిక్స్ కోర్సు ముందే చేసి ఉన్నందువల్ల మొదటి సెమిస్టరులో పరిశోధన పద్ధతుల కోర్సు తీసుకోవడానికి అనుమతి దొరికింది. దానితో పాటు మరో రెండు కోర్సులు, అన్నీ క్యాంపస్‌లో జరిగేవే, నా పేరున నమోదయ్యాయి.